తొమ్మిది నిమిషాల ఎస్మెర్

యెరూషలేములో పెద్ద బజారు వెనక, దూరదేశపు జాఖో ఊరి నుంచి వచ్చి స్థిరపడిన మా యూదుల వాడలో "ఎస్మెర్ ఇల్లెక్కడ?" అని అడిగి చూడండి. "ఏ ఎస్మెరు? ఊరగాయలమ్మే ఎస్మెరా, తొమ్మిది నిమిషాల ఎస్మెరా?" అని ఎదురడుగుతారు. ఊరగాయలావిడ మంచిదే పాపం, ఆవిడ దోసకాయలకి వంక పెట్టిన వాడు లేడు. కానీ చెప్పుకోవలసిన మనిషి రెండో ఆవిడ.

ముప్ఫై ఏళ్ళు ప్రసూతి ఆసుపత్రిలో ఆయాగా చేసింది ఎస్మెర్. పొట్టి మనిషి, నిండు బుగ్గలు. గొంతు మాత్రం మూడో అంతస్తు దాకా వెళ్ళేది. నొప్పులు పడుతూ "నా వల్ల కాదు బాబోయ్" అని ఏడ్చే పిల్లని పట్టుకుని, "మీ అమ్మకి అయింది, మీ అమ్మమ్మకి అయింది, నీకొక్కదానికే కాలేదా?" అని కసిరేది. కసురుతూనే నడుం రాసేది. మా వాడలో ముప్ఫై దాటని వాళ్ళలో సగం మందికి మొదటి స్నానం చేయించిన చేతులు ఆవిడవే. అంచేత ఎంత పెద్దవాడైనా ఆవిడ ముందు కాలు మీద కాలేసుకుని కూచోడు.

ఇక ఆ తొమ్మిది నిమిషాల సంగతి. కిప్పూర్ అంటే మాకు ఏడాది మొత్తంలో పెద్ద రోజు. చేసిన తప్పులన్నీ ఒప్పుకుని, పైవాడి పుస్తకంలో పేరు మంచివైపు రాయించుకునే రోజు. పొద్దు గూకింది మొదలు మర్నాడు చుక్కలు పొడిచేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. పన్నెండేళ్ళు నిండిన ఆడపిల్ల నుంచి అందరిదీ అదే నియమం. కానీ ఒంట్లో బాగాలేని వాళ్ళ లెక్క వేరు. ఉపవాసం వల్ల ప్రాణం మీదికొస్తుందని డాక్టరు చెబితే తాగి తీరాలి. తాగొచ్చు కాదు, తాగాలి. అదీ గటగటా కాదు. నోట్లో పట్టేదాంట్లో సగానికి కాస్త తక్కువ. మళ్ళీ తొమ్మిది నిమిషాలు ఆగి, ఇంకాస్త.

మా ప్రార్థన మందిరంలో మేడమీద ఆడవాళ్ళు కూచునే వరండా ఉంది. అక్కడ ఈ వ్యవహారం మొత్తం ఎస్మెర్ చేతిలో ఉండేది. పండగకి మూడు రోజుల ముందే ఆ ఏడాది తాగాల్సిన వాళ్ళని ఇంటికి పిలిచేది. "నోటినిండా నీళ్ళు పోసుకో. మింగావంటే చంపుతా. ఊఁ, ఇందులో ఉమ్మి" అనేది. ఉమ్మిన నీళ్ళని కొలిచి, చిన్న గాజుగ్లాసు మీద ఆ మనిషి కొలత దగ్గర ఎర్ర గోళ్ళరంగుతో ఒక గీత పెట్టేది. పండగ రోజున వరండాలో ముందు వరసలో కూచుని, పోయిన మొగుడు సాలిహ్ చేతిగడియారం ఒళ్ళో పెట్టుకుని, తొమ్మిది నిమిషాలకోసారి గ్లాసు నింపి ఇచ్చేది. ఆ రోజు గడియారానికి కీ ఇవ్వకూడదు గనక ముందు సాయంత్రమే బిర్రుగా తిప్పి ఉంచేది. ఎవరైనా "అయ్యో, ఇంత పెద్ద రోజున నీళ్ళు ఎలా తాగను ఎస్మెరక్కా" అని నసిగారా, ఒకటే మాట.

"తాగమన్నది దేవుడు. వద్దనడానికి నువ్వెవరివే?"

ఆ మాటకి గ్లాసు ఖాళీ చేసి ఇవ్వాల్సిందే.

మరి తన సంగతి? ఒక్క చుక్క ముడితే ఒట్టు. నలుగురు పిల్లల్ని కన్నది, ఒక్కరూ కిప్పూర్ దరిదాపుల్లో పుట్టలేదు. "నా పిల్లలకి మర్యాద తెలుసు" అనేది. పడగ్గదిలో అలమారా తలుపు లోపలివైపు పెన్సిలు గీతలుండేవి, ఒక్కో ఉపవాసానికి ఒక్కోటి. మొదటి పదమూడూ జాఖోలో చేసినవి. ఇక్కడికొచ్చి, రేకుల గుడిసెల్లో రెండేళ్ళు ఈడ్చి, ఇల్లూ అలమారా అమరిన రోజున ఆ పదమూడూ, గుడిసెల్లో చేసిన రెండూ ఒక్క పూటలో కూచుని గీసుకుంది. ఏ ఏడు ఏం జరిగిందో తలుచుకుంటూ. ఇప్పటికి యాభై నాలుగయ్యాయి. చుట్టాలెవరొచ్చినా అలమారా తెరిచేది. బట్టలు చూపిస్తోందనుకుని వాళ్ళు "అబ్బ, ఎంత బావున్నాయో" అనేవాళ్ళు. "బట్టలు కాదే మొద్దూ, తలుపు చూడు" అనేది.

అలాంటి మనిషికి అరవై ఆరో ఏట వేసవిలో కాళ్ళు పొంగాయి.

డాక్టర్ లిఫ్షిట్స్ కాగితాలు అటూ ఇటూ తిప్పి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "రెండు కిడ్నీల్లో ఒకటి పనిచెయ్యట్లేదమ్మా. రెండోది పనిచేస్తున్నట్టు నటిస్తోంది. రోజంతా నీళ్ళు పడకపోతే అది కూడా మానేస్తుంది. ఈ ఏడు ఉపవాసం లేదు."

"లేదంటే?"

"లేదంటే లేదు. మీరు ఆసుపత్రి మనిషి. మీకు నేను వివరించాలా?"

ఎస్మెర్ అక్కణ్ణించి తిన్నగా మా మందిరం గురువు రబ్బీ షబ్తాయ్ దగ్గరికెళ్ళింది. ఆయన నలుగురు పిల్లలూ ఆవిడ చేతుల మీదుగానే భూమ్మీద పడ్డారు. ఆ మొహమాటానికైనా ఏదో దారి చూపిస్తాడని లోపల ఆశ. ఆయన అంతా విని, "డాక్టరు చెప్పాక ఇంక నన్నడగడమేంటమ్మా? ఇన్నేళ్ళుగా మీరు అందరికీ చెప్పే మాటే నేను తిరిగి మీకు చెప్పాలా?" అన్నాడు.

"అక్కర్లేదు లెండి. తెలుసు" అంది ఎస్మెర్. "అలాగే తాగుతాను" అని కూడా అంది.

అన్నది నోరు. మనసు ఒప్పుకుంటేనా! ఇంటికొచ్చి అలమారా తెరిచి ఆ గీతల ముందు చాలాసేపు నిలబడింది. ఇంకొక్కటి, అనుకుంది. యాభై అయిదు నిండాక ఆపేస్తాను. ఇంకొక్క రోజుకి ఆ కిడ్నీ ఏమీ చచ్చిపోదు. చూడండి ఎంత విడ్డూరమో! ఈ మాటే వేరే ఎవరైనా అనుంటే వాళ్ళ తాత ముత్తాతలతో సహా దులిపేసేది. కానీ వరండాలో ముందు వరసలో, వాడలోని ఆడవాళ్ళంతా చూస్తుండగా, ఇన్నాళ్ళూ అందరికీ పోసిన గ్లాసుని తనే నోటికి పెట్టుకోవడం! ఆ ఊహకే ఆవిడకి ఒళ్ళు సిగ్గుతో చచ్చిపోయింది. అందుకే కూతుళ్ళకి చెప్పలేదు, పక్కింటి వాళ్ళకి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. డాక్టరుకీ రబ్బీకీ తాగుతానని చెప్పి, తనకోసం గ్లాసు మాత్రం కొలుచుకోలేదు.

ఆ ఏడు తాగాల్సిన వాళ్ళలో వరండాకి వచ్చేది ఓర్లీ ఒక్కతే. మా వాడలోని అమీరా కూతురు. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల, ఏడో నెల. బీపీ ఎక్కువై తల మీద ఎవరో సుత్తితో కొడుతున్నట్టుందని చెప్పేది. డాక్టరూ రబ్బీ ఇద్దరూ తాగాల్సిందేనన్నారు. నీళ్ళు ఉమ్మమంటే పకపకా నవ్వి గచ్చంతా తడిపింది. "నవ్వు నవ్వు. మీ అమ్మ ఇలా నవ్వుంటే ఎంత బావుండేదో" అంది ఎస్మెర్, గ్లాసు మీద గీత పెడుతూ.

ఆ మాట వెనక ఒక పాత గొడవ ఉంది. ఇరవై రెండేళ్ళ కిందట అమీరా ఇరవై ఆరేళ్ళ పిల్ల. రెండు కాన్పులు పోయి మూడోసారి నిలిచింది. నాలుగో నెలలో మరకలు కనపడ్డాయి. ఆ కిప్పూర్‌కి నీళ్ళు తాగమన్నారు. తాగనంది. దేవుడి మాట వింటేనే ఈ బిడ్డైనా దక్కుతుందని దాని నమ్మకం. దేవుడి మాట ఏదో అది తిరగేసి అర్థం చేసుకుంది. అప్పుడు ఎస్మెర్ గ్లాసు పట్టుకుని వరండా మధ్యలో దాని నెత్తిన నిలబడి, కింద మగవాళ్ళకి కూడా వినపడేట్టు, "దేవుడి కంటే నువ్వు గొప్పదానివైపోయావా? నీ బడాయి కోసం ఈ బిడ్డని కూడా పోగొట్టుకుంటావా?" అని అరిచింది. అమీరా తలొంచుకుని, ఏడుస్తూ, అందరి కళ్ళముందూ తాగింది. బిడ్డ దక్కింది. ఆ బిడ్డే ఓర్లీ.

అమీరా ఆ తర్వాత ఎస్మెర్‌కి దూరం కాలేదు. పండగలకి పిండివంటలు పంపేది, జబ్బు చేస్తే వచ్చి కూచునేది. కానీ ఏదో ఒకటి మధ్యలో ముల్లులా ఉండిపోయింది. అదేమిటో ఆవిడ పైకి అనలేదు, ఈవిడ అడగలేదు.

కిప్పూర్ ముందు రోజు మా వాడలో ఇంటింటికీ తిరిగి క్షమాపణ అడగడం ఆచారం. దేవుడి పట్ల చేసిన తప్పుని దేవుడు క్షమిస్తాడు గానీ, సాటి మనిషికి చేసిన తప్పుని ఆ మనిషి క్షమించాలి. లేకపోతే రోజంతా గుండెలు బాదుకున్నా లాభం లేదు. ఎస్మెర్ ఆ పొద్దున్న వాపు కాళ్ళని గుడ్డచెప్పుల్లో దూర్చి, వాడంతా తిరిగి, చివరికి అమీరా ఇంటికొచ్చింది. అమీరా వంటింట్లో, పండగ తరవాత తినడానికి జున్ను పెట్టిన రొట్టెలు వత్తుతోంది.

"అమీరా, ఈ ఏడాదంతా తెలిసీ తెలియకా నిన్ను ఏమైనా అనుంటే క్షమించెయ్యి."

"క్షమించానక్కా. నువ్వూ నన్ను క్షమించు."

"క్షమించాను. రేపు నీ పేరు మంచివైపు పడాలి."

మామూలుగా అయితే అక్కడితో అయిపోతుంది. ఆ ఏడు అమీరా పిండి చేతులు తుడుచుకోకుండా అలాగే నిలబడి, "అక్కా, ప్రతి ఏడూ గంపగుత్తగా అడుగుతావు. ఎప్పుడైనా ఒక్కటి విడిగా అడుగు" అంది.

"దేని గురించే?"

"నీకు తెలుసు."

ఎస్మెర్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆ కిప్పూర్ గురించా? నీ కూతురు నిక్షేపంలా తిరుగుతోంది కదే! రేపో మాపో నిన్ను అమ్మమ్మని కూడా చేస్తుంది. అందుకా నేను క్షమాపణ అడగాలి?"

"తాగించినందుకు కాదక్కా."

"మరి?"

అమీరా మళ్ళీ రొట్టెల మీదికి వంగింది. ఎస్మెర్ గుమ్మం దాటి, "తాగించినందుకు కాదట! మరి దేనికట!" అని తనలో తనే సణుక్కుంటూ ఇంటికెళ్ళిపోయింది. ఆ సాయంత్రం పండగ భోజనంలో ముద్ద సరిగ్గా దిగలేదు. గడియారానికి మాత్రం కీ మర్చిపోలేదు.

మర్నాడు ఎడారి గాలి కొట్టింది. అక్టోబరులో ఒక్కోసారి ఆ గాలి వస్తుంది, వేడిగా, పొడిగా, కళ్ళల్లో ఇసుక పోసినట్టు. రోడ్లమీద ఒక్క కారు లేదు. పిల్లలు సైకిళ్ళ మీద రాజ్యమేలుతున్నారు. మందిరంలో కింద మగవాళ్ళంతా తెల్లబట్టల్లో ఊగుతూ చదువుతున్నారు. పైన ఆడవాళ్ళు లవంగాలు గుచ్చిన పండొకటి చేతులు మారుస్తూ వాసన చూస్తున్నారు. తినకూడదు గానీ వాసనకి అడ్డు లేదు కదా.

పొద్దున్న పదింటి దాకా ఎస్మెర్ బాగానే ఉంది. మధ్యాహ్నానికి నాలుక అంగిలికి అతుక్కుపోయింది. చేతి ఉంగరం తిరగడం మానేసింది. అక్షరాలు చూస్తే రెండేసి కనపడుతున్నాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది, తెల్లవారిన దగ్గర్నుంచి ఒంటికి పోలేదు. ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు చేసిన మనిషికి దాని అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. నటిస్తున్న ఆ రెండో కిడ్నీ నటన మానేస్తోంది. భయం వేసింది. నిజంగా భయం వేసింది. అయినా ఇంకెంత, నాలుగు గంటలు, అని పళ్ళ బిగువున కూచుంది.

ఓర్లీ ఆవిడ పక్కన కాకుండా వెనక గోడవారగా కూచుంది. ఎస్మెర్ తొమ్మిది నిమిషాలకోసారి గ్లాసు పంపుతూనే ఉంది, ఖాళీగా తిరిగొస్తూనే ఉంది. మూడు గంటలప్పుడు, కింద చేప మింగిన యోనా కథ చదవడం మొదలుపెట్టాక, అమీరా గబగబా వచ్చి చెవిలో చెప్పింది.

"అక్కా, అది తాగట్లేదు. కాళ్ళదగ్గర తువ్వాల్లో పారబోస్తోంది. ఇప్పుడే తడి చూశాను. మొహం పాలిపోయింది, కళ్ళముందు మెరుపులంటోంది. నా మాట వినట్లేదు. నువ్వు చెప్పు. నువ్వు చెబితే వింటుంది."

కళ్ళముందు మెరుపులు! అలా అన్న ఎంతమందిని స్ట్రెచర్ మీద పరిగెత్తించిందో ఎస్మెర్‌కి తెలుసు. గ్లాసూ సీసా గడియారమూ పట్టుకుని లేచింది. లేచేసరికి నేల ఒక పక్కకి ఒరిగింది. బెంచీ అంచు పట్టుకుని నిలదొక్కుకుని, వెనక్కి నడిచి, ఓర్లీ ముందు నిలబడింది. వరండాలో తలలన్నీ అటు తిరిగాయి.

"ఏమే, తువ్వాలికి దాహమేసిందా?"

ఓర్లీ తలొంచుకుంది. "నా వల్ల కాదు పెద్దమ్మా. అందరూ చూస్తున్నారు. పండు ముసలివాళ్ళు కూడా ఉపవాసం ఉన్నారు. నువ్వు చూడు, అరవై ఆరేళ్ళు, ఒక్క చుక్క ముట్టకుండా రాయిలా కూచున్నావు. నేను ఇరవై ఒక్కేళ్ళదాన్ని, నేను తాగడమేంటి? సిగ్గుగా ఉంది."

ఎస్మెర్ నోరు తెరిచింది. ఆ మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. తాగమన్నది దేవుడు, వద్దనడానికి నువ్వెవరివే. ముప్ఫై ఏళ్ళుగా వాడిన మాట. రాలేదు. ఎండిపోయిన నాలుక కదల్లేదని అనుకోవచ్చు. కానీ కారణం అది కాదు, ఆవిడకి తెలుసు. ఆ మాట మొదట తనకే తగులుతుంది.

పక్కనే అమీరా నిలబడి ఉంది. కూతుర్ని కాదు, ఎస్మెర్ చేతిలోని గ్లాసుని చూస్తోంది. ఆ చూపు ఎస్మెర్‌కి ఎక్కడో తగిలింది. ఇదే వరండా, ఇలాగే తానే నిలబడి ఉంది, ఇలాగే అందరూ తిరిగి చూస్తున్నారు, ఎదురుగా కూచున్న పిల్ల తలొంచుకుని ఏడుస్తోంది. అప్పుడు తాను అన్నది నిజమే. కానీ నిలబడి అంది. నెత్తిన నిలబడి అంది.

ఎస్మెర్ బెంచీ మీద కూలబడింది, ఓర్లీ పక్కన, భుజానికి భుజం ఆనించి.

"ఓర్లీ, ఒకటి చెబుతాను, విను. నన్ను కూడా తాగమన్నారే. వేసవి నుంచి చెబుతూనే ఉన్నారు. నా కిడ్నీలు పోయాయి. డాక్టరు చెప్పాడు, రబ్బీగారు చెప్పారు. ఇద్దరికీ తాగుతానని అబద్ధం చెప్పి వచ్చాను. కిప్పూర్ రోజున అబద్ధం! పొద్దుట్నుంచీ ఒంటికి పోలేదు. నాకూ నీలాగే సిగ్గు. నీకంటే ఎక్కువ సిగ్గు. నాకు తోడు రావే. ఒక్కదాన్ని తాగలేను."

ఇది మెల్లిగా అనాలనుకుంది. కానీ ఆ గొంతుకి మెల్లిగా మాట్లాడటం ఎప్పుడొచ్చింది గనక! వరండా మొత్తం వింది.

"అక్కా!" అంది అమీరా.

"నీ గ్లాసు కూడా లేదు కదా పెద్దమ్మా" అంది ఓర్లీ, కళ్ళు పెద్దవి చేసి.

"నీ గ్లాసు చాల్లే. నా బుగ్గలు నీవాటికంటే చిన్నవేం కాదు." ఎస్మెర్ ఎర్రగీత దాకా నీళ్ళు పోసింది. కళ్ళు మూసుకుని, నీళ్ళకి చెప్పాల్సిన దీవెన చెప్పింది. ప్రతిరోజూ పదిసార్లు చెప్పే దీవెనే, ఈసారి ప్రతి మాటా విడివిడిగా వినపడింది. తాగింది. యాభై నాలుగేళ్ళలో మొదటిసారి, కిప్పూర్ రోజున ఆవిడ గొంతులోంచి నీళ్ళు దిగాయి.

"ఎస్మెర్ తాగుతోందర్రా!" అని ముందు వరసలోంచి జరీఫె ముసలమ్మ కేకేసింది. ఆవిడకి చెవుడు. తను గుసగుసలాడుతున్నాననుకుంటుంది. కింద యోనా కథ ఒక్క క్షణం ఆగింది. మగవాళ్ళు తలలెత్తి చూశారు.

అప్పుడు అమీరా, నోట్లో నాలుక లేదని వాడంతా చెప్పుకునే అమీరా, ఎస్మెర్ ఒళ్ళోంచి గడియారం తీసుకుని వరండా మధ్యలోకొచ్చి నిలబడింది. "అవును, తాగుతోంది! తాగమన్నది దేవుడు. వింతగా చూడటానికి మీరెవరు? పుస్తకాల్లోకి చూడండి!"

అచ్చం ఎస్మెర్ గొంతే. పుస్తకాల మీదికి తలలు దిగిపోయాయి. కింద రబ్బీ షబ్తాయ్ పుస్తకంలోంచి కళ్ళెత్తకుండానే "ఊఁ, చదవండి" అన్నాడు. ఆయన గడ్డంలో నవ్వు పైనుంచి కూడా కనపడింది.

ఎస్మెర్ గ్లాసు మళ్ళీ గీత దాకా నింపి ఓర్లీకిచ్చింది. పిల్ల దీవెన చెప్పుకుని తాగింది. ఈసారి తువ్వాలికి ఏమీ దక్కలేదు.

తొమ్మిది నిమిషాలు. అమీరా గడియారం చూసి భుజం తట్టింది. ఇద్దరూ తాగారు. మళ్ళీ తొమ్మిది. నాలుగో విడతలోనో అయిదో విడతలోనో, ఎస్మెర్ గ్లాసు కింద పెట్టి, అమీరా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"అమీరా, విడిగా అడుగుతున్నాను. ఆ రోజు నీ నెత్తిన నిలబడి, వాడంతా వినేట్టు నిన్ను బడాయిదానివన్నాను. నీ పక్కన కూచోవాల్సింది. కూచోలేదు. అందరి ముందూ నీకు తలకొట్టేసినట్టయింది. ఆ తప్పు నాది. క్షమించవే."

అమీరా కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "క్షమించానక్కా" అంది. వెంటనే గడియారం చూసుకుని, "ఇంకా మూడు నిమిషాలుంది, ఏడవకు, ఒంట్లో నీళ్ళు తగ్గిపోతాయి" అంది. ఎస్మెర్ ఏడుస్తూనే నవ్వేసింది.

అయిదింటికి ఎస్మెర్ మెట్లు దిగి వెళ్ళి, కాసేపటికి తిరిగొచ్చి, "అయ్యింది! పోయింది!" అని విజయం ప్రకటించింది. ఆసుపత్రిలో పనిచేసిన వాళ్ళకి ఇలాంటివి చెప్పడానికి మొహమాటం ఉండదు. ఓర్లీ తలనొప్పి తగ్గిందంది, మెరుపులు పోయాయంది. చివరి ప్రార్థనకి అందరితోపాటు వాళ్ళిద్దరూ లేచి నిలబడ్డారు. తలుపులు మూసుకునే వేళ, పైవాడు ఆఖరి ముద్ర వేసే వేళ. ఆ గంట మధ్యలో కూడా అమీరా భుజం తట్టడం మానలేదు. చుక్కలు పొడిచాక కింద పొట్టేలు కొమ్ము ఊదారు. ఒక్కటే పొడుగాటి ఊపిరి, వరండా చెక్కలు కూడా దడదడలాడేట్టు.

ఆ రాత్రి అమీరా, ఓర్లీ జున్నురొట్టెలూ టీ ఫ్లాస్కూ పట్టుకుని ఎస్మెర్ ఇంటికే వచ్చారు. తిన్నారు. ఎస్మెర్ మూడు గ్లాసుల నీళ్ళు ఆపకుండా తాగి, "కొలత లేకుండా తాగితే ఎంత రుచే!" అంది. ఎస్మెర్ అలవాటు తెలిసిన అమీరా అలమారా తలుపు తెరిచి, పెన్సిలు తీసి ఇచ్చింది.

ఎస్మెర్ చెయ్యి చాపలేదు. "గీయమంటావా? తాగాను కదే."

అమీరా పెన్సిలు వేళ్ళమధ్య తిప్పుతూ, గీతల వైపే చూస్తూ అంది. "నేను కూడా లెక్కపెట్టుకుంటానక్కా. తలుపు మీద గీయను, మనసులో. పన్నెండో ఏట నుంచి ఇవాళ్టికి ముప్ఫై ఆరు. ముప్ఫై ఏడు కావాలి. ఆ ఏడాదిది కలపడానికి నాకెప్పుడూ ధైర్యం చాలలేదు. అది తాగిన ఏడాది కదా. దాన్ని కలుపుకోవచ్చని నువ్వు చెబుతావని ఇరవై రెండేళ్ళు చూశాను. తాగమని అంత గట్టిగా చెప్పావు, ఇది మాత్రం చెప్పలేదు."

ఎస్మెర్ ఆవిడ మొహంలోకి చూసింది. తాగించడం వచ్చిన తనకి, తాగినవాళ్ళు ఆ తర్వాత ఇంటికెళ్ళి ఏమనుకుంటారో ఒక్కనాడూ తట్టలేదు. ఎంతమందికి కొలిచింది! ఎన్ని గ్లాసులు! వాళ్ళంతా ఒక్కో ఏడాదిని లెక్కలోంచి తీసేసుకుని బతుకుతున్నారేమో.

"లెక్కలోకి రాకపోవడమేంటే పిచ్చిదానా!" అని అరిచింది. "ఆ రోజు నువ్వు చేసిన ఉపవాసం నేనెప్పుడు చేశాను? తిండి మానడం ఎంతసేపు! ఇవాళ్టి దాకా నాకు తెలీదు, ఆ గ్లాసు నోటిదాకా తేవడం ఎంత కష్టమో. రా. ఇక్కడ గీయి. నా వాటి పక్కనే. ముందు నీది, ఆ తర్వాతే నాది."

అమీరా ఒక చిన్న గీత గీసింది.

"అదేం గీతే, దోమ కాలులా! గట్టిగా గీయి. కనపడాలి."

అమీరా నొక్కి గీసింది. తర్వాత ఓర్లీ పెన్సిలు లాక్కుని తనదొకటి గీసి, పొట్ట మీద చెయ్యేసుకుని నిలబడింది. అప్పుడు ఎస్మెర్ ముక్కాలిపీట లాక్కుని ఎక్కి, తలుపు పైఅంచు నుంచి చేయి అందినంత కిందికి, యాభై అయిదో గీత గీసింది.

ఇప్పటికీ ఇంటికి చుట్టాలొస్తే ఎస్మెర్ అలమారా తెరుస్తుంది. యాభై నాలుగు గీతల్నీ ఒక్క చేతి ఊపులో దాటించేస్తుంది. ఆ పొడుగాటి దాని దగ్గర వేలు ఆనించి, మూడో అంతస్తు దాకా వినపడే గొంతుతో చెబుతుంది.

"ఇది మాత్రం నీళ్ళు తాగి చేసింది."